మగ్గపు గుంటలో చీడపీడలు చేరకుండ

సంక్రాంతి వచ్చెనన్న ఇల్లంతయు దులిపి గోడలకు సున్నము వేయుదుము. అటక మీది సామాను దింపి ఎండబెట్టుదుము. కాని దినమునకు ఎనిమిది, పది గంటలు మన కాళ్ళు ఉండు మగ్గపు గుంటలోనికి దీపము పట్టి చూచువారు అరుదు. ఇంటిలో అన్నిటికన్న పల్లపు చోటు అదియే. చీకటి, చెమ్మ, నూలు తుక్కు, గంజి మెతుకు అన్నియు అక్కడనే చేరును. పురుగు పుట్రకు అంతకన్న అనువైన కాపురము వేరొకటి ఉండదు.

దీని వలన కలుగు నష్టము మనవారికి తెలియనిది కాదు. రాత్రికి రాత్రి ఎలుక పడుగును రెండు చోట్ల కొరికినచో, తెగిన పోగులు అతుకుటకే పని దినము గడచిపోవును. నేసిన చీరకు చిల్లి పడినచో కూలిలో కోత తప్పదు. చెదలు పట్టిన గుంజ పైకి బాగుగనే కనబడును, లోపల డొల్ల. అన్నిటికన్న మించినది ప్రాణభయము. ఎలుక ఉన్నచోటికి పాము వచ్చును. ఆ గుంటలోనికి ఉత్త కాళ్ళు దింపి కూర్చొనునది మనము.

సాధారణముగ మనము చేయునదేమి? పురుగు కనబడగనే అంగడికి పోయి ఏదో ఒక పొడి తెచ్చి గుంటలో చల్లుదుము. కొన్నాళ్ళకు పురుగు మరల వచ్చును. పొడి మాత్రము మన పాదములకు అంటుచునే ఉండును. చీడలు గుంటలో కాపురముండుటకు మూడు కావలెను: చెమ్మ, తిండి, వచ్చుటకు దారి. ఈ మూడును తీసివేసినచో మందుతో పని చాలవరకు తప్పును.

చెమ్మ

ఇక్కడ అనుభవముగల నేతగాడు ఒక మాట అడుగును: “చెమ్మ లేనిదే పడుగు నిలుచునా?” అడుగదగిన మాటయే. పొడిగాలిలో నూలుపోగు పెళుసుబారి తెగును. గుంటమగ్గము మీద పోగు మెత్తగా ఆడుటకు నేల చల్లదనము తోడ్పడును. వేసవిలో గుంటలో నీరు చల్లువారును కలరు. కాని పోగుకు కావలసినది గాలిలోని చెమ్మ. చెదలకు కావలసినది మట్టిలోని చెమ్మ. ఈ భేదము గుర్తించినచో పోగుకు మేలు జరుగును, చెదలకు చోటుండదు.

ఎండకాలమున కిటికీకి తడిగోనె వ్రేలాడదీయవచ్చును. పడుగు ప్రక్కన వెడల్పు పళ్ళెములో నీరు పెట్టవచ్చును. ఆ నీటిని ప్రతిదినము పారబోయవలెను, లేనిచో దోమలు గ్రుడ్లు పెట్టును. గుంట గోడల మీద గాని అడుగున గాని నీరు పోయరాదు. గుంట అంచును నేలకంటె రెండు మూడు అంగుళములు ఎత్తుగా కట్టినచో ఇల్లు కడిగిన నీరు లోనికి దిగదు. చూరు నీరు, స్నానపు నీరు గోడ మొదట నిలువక దూరముగ పోవునట్లు కాలువ తీయవలెను.

మట్టిగుంటకు ఇటుకకట్టు వేసి సిమెంటు పూత పూయించుట అన్నిటికన్న మంచిది. అందుకు సొమ్ము చాలనివారు గోడలను మెత్తి, ఏడాదికి రెండు మారులైన సున్నము కొట్టవలెను. తెల్లని గోడ మీద చెదల మట్టిబాట దూరము నుండియే కనబడును.

యానాము, బరంపురము వంటి తీరప్రాంతములలో వానకాలమున గుంట అడుగున నీరు ఊరు భయము ఎక్కువ. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను బరంపురమునకు దగ్గరనున్న గోపాలపురము వద్దనే తీరము దాటినది. అట్టి వానల తరువాత గుంటలోని బురద తీసి, పూర్తిగ ఆరిన పిమ్మటనే పూత పూయవలెను. తడి మీద పూసిన పూత నిలువదు. కాలికి పుండు ఉన్నవారు ఆ నీటిలో దిగరాదు. ఎలుక మూత్రము కలిసిన నీటి వలన ఎలుక జ్వరము వచ్చును.

తిండి

గంజి పెట్టిన పడుగు మనకు దారము. ఎలుకకు, బొద్దింకకు అన్నము. గంజి కలిపిన కుండను రాత్రి అట్లే ఉంచరాదు. మగ్గము కడ భోజనము చేయుట మానవలెను. తొక్కుడు కర్రల క్రింద చేరు నూలు తుక్కును వారమునకొకమారు ఊడ్చి తీయవలెను. చెదలకు నూలు, కర్ర, వెదురు, కాగితము అన్నియు తిండియే. కావున పాత అచ్చులు, విరిగిన కర్రలు గుంటలో దాచరాదు.

ఎక్కించని పడుగును, కండెలను నేల మీద గాని గోడకు ఆనించి గాని పెట్టక, రేకుపెట్టెలో ఉంచవలెను. పట్టు నేయువారు మరియొకటి గమనింపవలెను. చెమట, నూనె, తిండి మరక తగిలిన పట్టును చిమ్మటలు ముందుగ పట్టును. వేపాకు మంచిదే, కాని అది గుంటలోని చెదలను ఆపగలదని నమ్మి ఊరకుండరాదు.

దారి

పెన్సిలు దూరు సందు చిట్టెలుకకు చాలును. బొటనవ్రేలు దూరు కన్నము ఎలుకకు చాలును. అట్టి వాటిని మట్టితో పూడ్చిన మరునాటికే త్రవ్వును. గాజు పెంకులు, రాతి ముక్కలు సిమెంటుతో కలిపి బిగించవలెను. తూముకు సన్నని ఇనుప జాలీ వేయవలెను. తలుపు క్రింది సందుకు రేకు కొట్టవలెను.

షోలాపురము ప్రాంతపు నల్లరేగడి నేల వేసవిలో బీటలు విచ్చును. ఆ కదలికకు ఇంటి నేల, గుంట గోడలు కూడ చీలును. ఆ చీలికలే చెదలకు బాట. వానలు రాకమునుపే వాటిని పూడ్చవలెను. మగ్గపు గుంజలను నేరుగ మట్టిలో పాతక, రాతి మీద గాని కాంక్రీటు దిమ్మె మీద గాని నిలుపవలెను. గుంజను వ్రేలితో తట్టి చూడుడు. డొల్ల మ్రోత వినవచ్చినచో లోన చెదలు తిన్నవనియే అర్థము.

మందు విషయము

పూర్వము మనవారు డి.డి.టి., గమాక్సీను పొడులు ఇష్టము వచ్చినట్లు చల్లిరి. మన దేశమున 1989లో డి.డి.టి.ని వ్యవసాయమున వాడరాదని నిషేధించిరి. గమాక్సీనుగ అమ్మిన బి.హెచ్.సి.ని 1997లో పూర్తిగ నిషేధించిరి. అటక మీద పాత డబ్బాలు ఉన్నచో వాటిని తెరువరాదు, వాడరాదు.

చెదలు మిక్కుటమైనచో తెలిసిన పనివానిచే మట్టిలోనికి మందు ఎక్కింపవలెను. కట్టిన ఇండ్లకు ఈ పని ఎట్లు చేయవలెనో భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 6313 మూడవ భాగములో కలదు. ఆ ప్రకారము చేయుమని అడుగవచ్చును. మందు వేయుటకు ముందు పడుగును, నూలును తీసివేయవలెను. కాళ్ళు తగులు గోడ మీద మందు నిలువరాదు. ఆరిన పిమ్మట పూతతో కప్పవలెను. ఎలుకకు బోనే మేలు. విషము తిన్న ఎలుక గోడలో చచ్చి కంపు కొట్టును. పసిపిల్లలున్న ఇంట ఆ విషము మరింత ప్రమాదము.

దిగుటకు ముందు

రాత్రి పని ముగియగనే గుంట మీద పలక గాని జాలీ చట్రము గాని మూయవలెను. ఉదయమున కాళ్ళు దింపుటకు ముందు దీపము పట్టి చూచి, కర్రతో తట్టవలెను. పాము కరచినచో కోయుట, నోటితో పీల్చుట, గట్టిగ కట్టు కట్టుట చేయరాదు. కరచిన కాలు కదలనీయక, విషమునకు విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. మంత్రములతో కాలము గడపరాదు.

ఇదంతయు ఎప్పుడు చేయుదుమని అడుగవచ్చును. ఒక పడుగు దించి మరియొకటి ఎక్కించు నడుమ మగ్గము ఎట్లును ఖాళీగనే ఉండును. ఆ సందున ఒక పూట గుంటకు ఇచ్చినచో చాలును. ఊడ్చి, ఆరబెట్టి, చీలిక పూడ్చి, గుంజ తట్టి చూచి, పిమ్మట క్రొత్త పడుగు ఎక్కించుడు. ఆ పూట కూలి పోయినదని తలపవలదు. ఎక్కించిన పడుగు చివరి మూర వరకు చేతికి వచ్చుటకు అది కూడ పనియే.