నిమ్మ ఉప్పు: ఆహారయోగ్యత, అపాయం
ఆహారపదార్థాలు తయారుచేసే యూనిట్లకు ‘ఆహారయోగ్యం’ అన్న ముద్రతో చేరే సిట్రిక్ ఆమ్లమే వాడుకలో నిమ్మ ఉప్పు. ఆ ముద్ర శుద్ధతకు హామీ మాత్రమే. పానకంలో చిటికెడు వేస్తే రుచినిచ్చే ఈ పొడి, 25 కిలోల సంచిని కుమ్మరించేటప్పుడు ధూళిగా లేచి కళ్లను తీవ్రంగా మండిస్తుంది. ఒక శాతం ద్రావణపు పీహెచ్ సుమారు 2.2 మరి. కంట పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి వైద్యుని సంప్రదించాలి.

అసలు ప్రమాదం కడుగుడు వేళ పొంచి ఉంటుంది. హైదరాబాదు తూర్పున ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలలో కఠినమైన బోరునీటి వలన పాత్రలకు పట్టే సున్నపు పొరను నిమ్మ ఉప్పు కరిగిస్తుంది. అదే పాత్రలో బ్లీచింగ్ పౌడరు కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రెండూ తెల్లని పొడులే కనుక, పేరు రాయని డబ్బాలలో వాటిని పక్కపక్కన ఉంచరాదు.