అమ్మ విమానమెక్కుతోందా?

అమెరికాలో కూతురి పురుడు. ఇక్కడ అమ్మ సున్నుండలు చుట్టేసింది, ఆవకాయ సిద్ధం చేసింది. తక్కువ ధరకు దొరికిందని అబ్బాయి హడావుడిగా టికెట్ కొనేశాడు. చిక్కులన్నీ ఆ హడావుడిలోనే!

ముందు పేరు చూడండి. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టడం మనకు అలవాటు. టికెట్ మీద అది కుదరదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.

దారిలో విమానం మారాలంటే రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే నాలుగు డబ్బులు మిగలొచ్చు. కానీ మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, మళ్లీ టికెట్ కొనాల్సింది సాధారణంగా మనమే. రెంటికీ మధ్య కనీసం మూడు గంటలైనా ఉంటే పెద్దవాళ్లకు పరుగులు తప్పుతాయి.

మోకాళ్ల నొప్పులుంటే బుకింగ్ సమయంలోనే వీల్‌ఛెయిర్ అడగండి. మొహమాటం వద్దు. భాష రాదన్న బెంగ ఉంటే, దారి చూపే సహాయకులు ఉంటారేమో విమాన సంస్థను కనుక్కోండి.

ఆవకాయను చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపేస్తారు. నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో సర్దండి. చికెన్, మటన్ పచ్చళ్ల జోలికి మాత్రం పోవద్దు. అమెరికా కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు.

బీపీ, షుగరు మాత్రలు, డాక్టరు చీటీ, కాగితం మీద రాసిన కూతురి ఫోన్ నంబరు, చిరునామా... ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ పెట్టె ఓ రోజు ఆలస్యంగా చేరినా ఫర్వాలేదు. అమ్మ మందులు ఆలస్యం కాకూడదు కదా!