ఆలస్యంగా జవాబు రాసేటప్పుడు



మన హాస్టల్లో అందరం ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం సెలవు చీటీ. పండక్కి ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా తిరిగొస్తే వార్డెన్ సార్‌కు ఒక కాగితం ఇచ్చేవాళ్ళం. జ్వరం వచ్చిందనీ, బస్సు దొరకలేదనీ, అమ్మమ్మకు బాగాలేదనీ రాసి, ఇంకెప్పుడూ ఇలా చేయమని బతిమాలి, కింద 'మీ విధేయుడు' అని సంతకం పెట్టేవాళ్ళం. ఒక అన్న నోట్సులోంచి ఇంకో తమ్ముడి నోట్సులోకి అదే నమూనా ఏళ్ళ తరబడి నడిచొచ్చింది. ఎం.సి.ఎ. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు కోసం మేము నలుగురం అమీర్‌పేటలో గది తీసుకుని హైటెక్ సిటీకి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు కూడా మాకు తెలిసిన క్షమాపణ అదొక్కటే. అది అక్కడ పనికిరాలేదు. ఆఫీసు మెయిల్‌కు ఆలస్యంగా జవాబిచ్చేటప్పుడు ఏం రాయాలో, ఏం రాయకూడదో మాకు తెలిసినంతలో చెబుతాం.

ముందు మాలో ఒకరికి జరిగింది చెప్పాలి. కంపెనీ పేరు వద్దు. ఒక గురువారం సాయంత్రం మెట్రోలో నిలబడి ఉండగా ఫోన్లో టీమ్ లీడ్ మెయిల్ వచ్చింది. లాగిన్ పేజీ టెస్టింగ్ ఎంతవరకు వచ్చిందని ఒకే ప్రశ్న. పని సగమే అయింది. మిగతా సగంలో రెండు విషయాలు అర్థం కాలేదు. పూర్తిచేసి జవాబిస్తే బాగుంటుంది కదా అనుకున్నాడు. శుక్రవారం పూర్తికాలేదు. శని, ఆదివారాలు సిగ్గుతో గడిచాయి. సోమవారం నాటికి ఇంత ఆలస్యం చేసి చిన్న జవాబు రాస్తే బాగుండదని ఇరవై రెండు లైన్లు రాశాడు. ముందు జ్వరం, తర్వాత గదిలో కరెంటు లేకపోవడం, తర్వాత మూడుసార్లు క్షమాపణ. సగం పని మిగిలిందన్న మాట చివరి నుంచి రెండో లైన్లో ఉంది. ఆ జ్వరం కూడా నిజం కాదు.

ఈలోగా శుక్రవారం రాత్రి టీమ్ లీడ్, జవాబు రాలేదంటే ఇబ్బందేమీ లేదనుకుని, పని అయిపోయినట్టే క్లయింటుకు చెప్పేసింది. సోమవారం పిలిచి అడిగింది: "జ్వరం సంగతి తర్వాత. ఎంత మిగిలింది? శుక్రవారం 'సగమే అయింది' అని ఒక్క ముక్క రాసి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని కదా." ఆమె అరవలేదు. కానీ ఆ పని వేరేవాళ్ళకు వెళ్ళింది, ట్రైనింగు అయ్యాక మావాడికి ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మెయిల్ వల్లే అని మేము అనలేం. అది కూడా లెక్కలోకి వచ్చిందని మాత్రం అనుకుంటున్నాం.

అసలు మనకు ఆలస్యం ఎందుకవుతుంది? బద్ధకం కొంత ఉంటుంది, కాదనం. కానీ ఎక్కువ భాగం భయం. నాలుగు లైన్లు రాస్తాం, చెరిపేస్తాం, గ్రామర్ సరిగా ఉందా అని స్నేహితుడికి వాట్సాప్ చేస్తాం, వాడు రాత్రి దాకా చూడడు. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. 'ఇలా రాస్తే బాగుంటుందా నాన్నా' అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అయితే తర్వాత ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. నాన్నలు మేస్త్రీ దగ్గర పనికి వెళ్ళే రోజుల్లో, రేపు రాలేకపోతే ఈ రాత్రే కబురు పెట్టేవాళ్ళు. మేస్త్రీకి కావలసింది కారణం కాదు, రేపు ఎంతమంది మనుషులు ఉంటారన్న లెక్క. ఇక్కడ టీమ్ లీడ్‌కు కావలసిందీ అదే. మనం ఇంగ్లీషు మీడియం వాళ్ళను చూసి బెదిరి, ఇంట్లో ఉన్న తెలివిని మరిచిపోయాం.

ఇంకో కారణం ఫోను. మెయిల్ తెరిచి చూడగానే దాని లావు అక్షరాలు పోయి మామూలు అక్షరాలవుతాయి. రూముకెళ్ళి రాద్దాంలే అనుకున్నది కొత్తవాటి కింద కలిసిపోతుంది. అప్పటికప్పుడు జవాబు రాయలేకపోతే 'చదవనిది'గా మళ్ళీ గుర్తు పెట్టుకోండి. మేమిప్పుడు అలాగే చేస్తున్నాం.

హైటెక్ సిటీలో ఆలస్యాన్ని మన గడియారంతో మాత్రమే కొలిస్తే సరిపోదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచీ ఇక్కడ జరిగే పనిలో పెద్ద భాగం అమెరికా, యూరప్ సంస్థలది. న్యూయార్కు వేసవిలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. వేసవిలో మంగళవారం పొద్దున పదికి అక్కడివాళ్ళు ఒక ప్రశ్న పంపితే ఇక్కడ మంగళవారం రాత్రి ఏడున్నర. బుధవారం సాయంత్రంలోగా మనం జవాబిస్తే వాళ్ళు బుధవారం ఆఫీసుకు రాగానే చూస్తారు. 'రేపు పొద్దున రాద్దాం' అని గురువారానికి తోస్తే వాళ్ళ బుధవారం మొత్తం పోయినట్టే. మనకు ఒక పూట, వాళ్ళకు ఒక రోజు. పైగా మన సంక్రాంతి, బోనాలు వాళ్ళకు తెలియవు. సెలవుకు ముందు ఆటోమేటిక్ జవాబు పెట్టి వెళ్తే తిరిగొచ్చాక క్షమాపణ రాసే పనే ఉండదు.

అలాగని ప్రతిదానికీ సారీ చెప్పనక్కర్లేదు. రాత్రి పదకొండుకు వచ్చిన మెయిల్‌కు పొద్దున పదికి జవాబిస్తే అది ఆలస్యం కాదు. పని వేళలు అయ్యాక ఆఫీసు మెయిళ్ళకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి చట్టంలోనే ఉంది.

ఇక రాసే పద్ధతి. పాత మెయిల్‌కే రిప్లై కొట్టాలి, కొత్తది మొదలుపెడితే అవతలివాళ్ళు వెతుక్కోవాలి. మొదటి లైన్లో ఒక్కసారి క్షమాపణ: 'అపాలజీస్ ఫర్ ది లేట్ రిప్లై.' అంతే. రెండో లైన్లోనే వాళ్ళడిగిన దానికి జవాబు: 'టెస్టింగ్ ఈజ్ హాఫ్ డన్.' మూడో లైన్లో మిగతాది ఎప్పటికి ఇస్తామో రోజు, టైము. వీలైనంత త్వరలో అని రాయొద్దు, అది ఎవరికీ ఉపయోగపడదు. మన ఆలస్యం వల్ల వాళ్ళ పని ఆగితే ఆ సంగతి మనమే ఒప్పుకోవాలి. కారణం నిజమైతే అర లైను చాలు, లేకపోతే అసలు వద్దు. నెట్ లేదనీ, మెయిల్ స్పామ్‌లోకి పోయిందనీ అబద్ధం రాయకండి. మెయిల్ ఎప్పుడు వచ్చిందో సర్వర్లో నమోదై ఉంటుంది, మీరు అదే రోజు వేరేవాళ్ళకు రాసిన జవాబులూ కనిపిస్తూనే ఉంటాయి. నెల దాటితే మాత్రం ముందుగా, ఇది మీకు ఇంకా అవసరమేనా అని అడగడం మంచిది. ఇంటర్వ్యూ మెయిల్‌కు ఆలస్యమైనా అంతే: అవకాశం ఇంకా ఉందా అని అడిగి, మీరు రాగలిగే రెండు రోజులు రాయండి.

ఒక మాట దగ్గర జాగ్రత్త. మన ఆఫీసుల్లో తిరిగి జవాబిస్తాం అనడానికి 'రివర్ట్' అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం. 'ఐ విల్ రివర్ట్ బై ఈవెనింగ్' అని మాలో ఇంకొకరు రాస్తే, అవతలినుంచి కంగారుగా 'ఎందుకు, బాగానే పనిచేస్తోంది కదా!' అని వచ్చింది. రూములో వారం రోజులు నవ్వుకున్నాం. 'రిప్లై' అంటే ఏ గొడవా లేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోవద్దు. హాస్టల్ నుంచి జూనియర్లు రెజ్యూమె పంపి మీకు మెయిల్ రాస్తారు. మీకు పని ఒత్తిడి, నెల గడిచిపోతుంది, ఆ తర్వాత ఇప్పుడేం రాస్తాంలే అని ఊరుకుంటారు. మీ దగ్గర ఉద్యోగం లేకపోయినా రాయండి. మేము రాసిన మెయిళ్ళలో ఒకదానికి నాలుగు నెలల తర్వాత గచ్చిబౌలి నుంచి ఒక అన్న జవాబు వచ్చింది. 'ఆలస్యమైంది తమ్ముడూ, నాదే తప్పు. మా దగ్గర ఇప్పుడు ఖాళీలు లేవు. నీ రెజ్యూమెలో ప్రాజెక్టు గురించి రాసింది నాకే అర్థం కాలేదు. శనివారం పదకొండుకు ఫోన్ చెయ్యి.' శనివారం చేశాం, నలుగురం స్పీకర్ పెట్టుకుని. గంటంబావు మాట్లాడాడు. ఆ రాత్రే నాలుగు రెజ్యూమెలూ మళ్ళీ రాసుకున్నాం.