వినికిడి – ఇంటిల్లిపాది బాధ్యత

కంటిచూపు మందగిస్తే మనం వెంటనే గుర్తిస్తాం. అక్షరాలు అలుక్కుపోతాయి, మరునాడే కళ్ళద్దాలకు బయలుదేరతాం. వినికిడి అలా కాదు. అది నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా తగ్గిపోతుంది. తగ్గిన సంగతి ఆ మనిషికంటె ముందు ఇంట్లోవారికే తెలుస్తుంది. అయితే వారు దానిని చెవి లోపమని అనుకోరు. పిలిచినా పలకని పిల్లవాణ్ణి మొండివాడంటారు. అడిగిందొకటి, చెప్పిందొకటి అయితే తాతగారికి చాదస్తం ఎక్కువైందంటారు. సకాలంలో చూపిస్తే సరిపోయే లోపం కాస్తా ఇంట్లో మనస్పర్థగా మారుతుంది. ఈ నెల ఆ విషయమే పాఠకులతో ముచ్చటించదలిచాము.

చెవి పనిచేసే తీరు

బయటి శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలోని భాగంలో సుమారు 15,000 సూక్ష్మ కణాలు దానిని సంకేతాలుగా మార్చి, నరం ద్వారా మెదడుకు పంపుతాయి. గోరు ఊడితే మళ్ళీ పెరుగుతుంది. ఈ కణాలు మాత్రం ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు. చెవి విషయంలో ముందు జాగ్రత్తే ముఖ్యమనడానికి ఇదే కారణం.

పసిబిడ్డ వింటున్నదా?

బిడ్డ మాటలను విని నేర్చుకుంటుంది. వినబడని బిడ్డకు మాటలు రావు. "మా వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే" అంటూ మూడు నాలుగేళ్ళు ఎదురుచూసే ఇళ్ళు మనలో లేకపోలేదు. భాష నేర్చుకోవడానికి ఎంతో విలువైన ఆ ఏళ్ళు తిరిగి రావు. నెల నిండేలోగా వినికిడి పరీక్ష, 3 నెలలలోగా నిర్ధారణ, 6 నెలలలోగా చికిత్స మొదలు కావాలని నిపుణులు చెబుతున్నారు. పరీక్షలో నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోతుండగానే కొద్ది నిమిషాలలో చేస్తారు. పెద్ద చప్పుడుకు ఉలికిపడకపోయినా, ఏడాది నిండుతున్నా పిలుపు వైపు తల తిప్పకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా ఆలస్యం చేయవద్దు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఇటువంటి బిడ్డలకోసమే పనిచేస్తున్నది.

మరొక మాట. మేనరికాలు మన ప్రాంతంలో తరతరాలుగా వస్తున్నాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగినప్పుడు పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. కుటుంబంలో ఇప్పటికే అటువంటివారుంటే సంబంధం ఖాయం చేసుకొనకముందే వైద్యుని సలహా తీసుకోవడం మంచిది. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకినా బిడ్డకు చెవుడు రావచ్చు. కాబట్టి పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా రెండు మోతాదులూ తప్పక వేయించాలి.

చీము కారే చెవి

పిల్లలలో ముక్కు వెనుకనుండి మధ్యచెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు వస్తుంది. పాలు పట్టేటప్పుడు బిడ్డ తల కొంచెం ఎత్తుగా ఉంచాలి. "పిల్లల చెవి కారడం మామూలే, పెద్దయితే అదే పోతుంది" అనే మాట నమ్మవద్దు. కారే చెవిలో కర్ణభేరికి చిల్లి ఉండవచ్చు. అందులో కాచిన నూనె, ఆకు పసరు పోస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయి. అశ్రద్ధ చేసిన చీము ఎముకను తొలిచి మెదడువరకు పాకిన సందర్భాలున్నాయి.

గులిమి మురికి కాదు, చెవికి రక్షణ. చాలామందిలో అది తనంతట తానే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల దానిని ఇంకా లోపలికి నెడతాయి. పిల్లలు గుండ్రని చిన్న బ్యాటరీని ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటే అది కొద్ది గంటలలోనే కండను కాల్చివేస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

శబ్దం, గొంతు

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి అరిస్తే తప్ప వినబడకపోతే, అక్కడి శబ్దం హానికరమని గ్రహించాలి. పెళ్ళి ఊరేగింపులే కాదు, చిన్న మందిరంలో పెద్ద సౌండు పెట్టెలు పెట్టే మన కూడికలూ ఈ లెక్కలోకే వస్తాయి. పసివారిని, వృద్ధులను ఆ పెట్టెల ముందు కూర్చోబెట్టవద్దు. చెవిలో ఫోను తీగలు పెట్టుకునే యౌవనస్థులు శబ్దాన్ని సగానికి తగ్గించి, నడుమ నడుమ చెవికి విశ్రాంతి ఇవ్వాలి.

ఉపాధ్యాయులు, బోధకులు, గాయక బృందంలోనివారు గొంతుతోనే పనిచేస్తారు. నీరు తరచు త్రాగాలి. బొంగురు పోయినప్పుడు గట్టిగా మాట్లాడరాదు, బలవంతంగా గుసగుసలాడటమూ మంచిది కాదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే వైద్యుడు స్వరపేటికను చూడవలసిందే. పొగాకు వాడేవారు అసలే ఉపేక్షించరాదు.

పెద్దలను ఒంటరిగా విడువవద్దు

2050 నాటికి ప్రతి నలుగురిలో ఒకరికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. వినబడనివారు మెల్లగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. వినికిడి లోపం మతిమరుపు వ్యాధికి దారితీసే కారణాలలో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో పేర్కొన్నది. కళ్ళద్దాలకు లేని సిగ్గు వినికిడి యంత్రానికి ఎందుకు? దానికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. "గోలగా ఉంది" అని పెద్దవారు తీసి పెట్టెలో పెడితే కోపగించక, రోజుకు కొంతసేపు పెట్టుకునేలా ప్రోత్సహించాలి. వారితో మాట్లాడేటప్పుడు వెనుకనుండి కేకలు వేయక, ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా నిదానంగా చెప్పాలి.

ఏ వయసువారికైనా ఒక చెవి ఉన్నట్టుండి వినబడడం మానేస్తే, గులిమి అనుకొని ఊరుకోవద్దు. రెండు మూడు రోజులలోగా చికిత్స మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

ప్రియ పాఠకులారా, ఈ వారం మీ ఇంట పిలిస్తే పలకనివారెవరో ఒకసారి గమనించండి. విసుక్కొనకముందు వారిని చెవి డాక్టరు వద్దకు తీసుకువెళ్ళండి.