దారి తప్పనివ్వని దారి

విమాన ప్రమాదాల్లోకెల్లా ఎక్కువ ప్రాణాలు తీసినది నేలమీదే జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో కేఎల్‌ఎం, పాన్ ఆమ్ సంస్థల బోయింగ్ 747లు రెండు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది చనిపోయారు. దట్టమైన పొగమంచు, రేడియోలో అరకొరగా వినబడ్డ మాటలు, అనుమతి రాకముందే కేఎల్‌ఎం కెప్టెన్ టేకాఫ్ మొదలుపెట్టడం అందరూ చెప్పుకునే కారణాలే. వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అంత పెద్ద విమానాలు రెండు ఒకేసారి రన్‌వే మీదికి ఎందుకొచ్చాయి? పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో ఇటు మళ్లించిన విమానాలు రన్‌వేకు చేర్చే బాటను, అంటే టాక్సీవేను నింపేశాయి. ఇక టేకాఫ్ చేసే కొసకు చేరాలంటే రన్‌వే మీదుగా నడవడమే మార్గమైంది. పాన్ ఆమ్‌ను మూడో మలుపు దగ్గర పక్కకు తప్పుకోమన్నారు. ఆ మలుపు తీసుకోవాలంటే 747 దాదాపు 148 డిగ్రీలు తిరగాలి. అది మూడో మలుపు దాటి నాలుగోదాని వైపు సాగుతుండగా ఘోరం జరిగిపోయింది. పైలట్ల అప్రమత్తత ఒక్కటే రన్‌వేను కాపాడలేదు. పొరపాటుకు తావివ్వకుండా దారిని గీయడమే గట్టి రక్షణ. టాక్సీవే పెరిగివచ్చిన తీరే అందుకు సాక్ష్యం.

తొలినాటి విమానాశ్రయాలు గడ్డి మైదానాలు. గాలికి ఎదురుగా ఎటైనా పరుగెత్తి ఎగరవచ్చు కాబట్టి వేరే బాట అవసరం రాలేదు. విమానాలు బరువెక్కి, గట్టి రన్‌వేలు వేశాక వాటిని టెర్మినల్‌తో కలపడానికి టాక్సీవే పుట్టింది. జెట్ విమానాల రాకతో రద్దీ పెరిగింది. దిగిన విమానాన్ని ఎంత త్వరగా రన్‌వే నుంచి తప్పిస్తే అంత త్వరగా ఇంకోటి దిగుతుంది. 1950ల్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హొరొంజెఫ్ బృందం ఈ సమస్యపై పనిచేసింది. ఏ కోణంలో, ఎంత వంపుతో బాట వేస్తే విమానం వేగంగానే పక్కకు మళ్లగలదో పరిశోధించింది. ర్యాపిడ్ ఎగ్జిట్ టాక్సీవే రూపురేఖలు ఆ కృషితో స్థిరపడ్డాయి. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం అది రన్‌వే నుంచి 25 నుంచి 45 డిగ్రీల మధ్య, వీలైతే 30 డిగ్రీల కోణంలో చీలాలి. పెద్ద రన్‌వేలపై నేల తడిగా ఉన్నా గంటకు 93 కిలోమీటర్ల వేగంతో మళ్లే వీలుండాలి.

రద్దీకి మందైన ఈ ఏటవాలు బాటే కొన్నిచోట్ల కొత్త ముప్పు తెచ్చింది. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం దక్షిణ భాగంలో రెండు సమాంతర రన్‌వేలున్నాయి. సాధారణంగా బయటి రన్‌వేపై విమానాలు దిగుతాయి, టెర్మినల్‌కు దగ్గరగా ఉన్న లోపలి దానిపై ఎగురుతాయి. దిగిన ప్రతి విమానమూ లోపలి రన్‌వేను దాటితేగాని టెర్మినల్ చేరదు. 2008కి ముందు, వేగంగా పక్కకు మళ్లిన విమానం ఎదుట కొద్ది దూరంలోనే ఆగాల్సిన గీత ఉండేది. బాటకు అడ్డంగా నాలుగు పసుపు గీతలు: ఇవతలి రెండూ నిండు గీతలు, రన్‌వే వైపు రెండూ తెగిన గీతలు. పక్కనే ఎర్రటి పలకపై తెల్లని అక్షరాలు. నిండు గీతల వైపు నుంచి వస్తున్న పైలట్ టవర్ అనుమతి లేకుండా వాటిని దాటకూడదు. కానీ ఆ కొన్ని క్షణాల్లోనే బ్రేకులు వేయాలి, రెక్కల ఫ్లాప్‌లు సర్దాలి, రేడియోలో జవాబివ్వాల్సి వచ్చేది. పైగా ఏటవాలుగా వచ్చే కాక్‌పిట్‌కు రన్‌వే ఒక వైపే బాగా కనిపిస్తుంది, రెండో వైపు వెనకబడిపోతుంది. ఆ విమానాశ్రయంలో అప్పట్లో రన్‌వే చొరబాట్లు, అంటే అనుమతి లేకుండా రన్‌వే మీదికి రావడాలు, ఎక్కువగా ఈ దక్షిణ భాగంలోనే జరిగేవి. నాసా ఏమ్స్ కేంద్రంలోని నమూనా టవర్‌లో ప్రత్యామ్నాయాలను పరీక్షించాక, బయటి రన్‌వేను సుమారు 55 అడుగులు దక్షిణానికి జరిపి కట్టారు. రెండు రన్‌వేల నడుమ మరో టాక్సీవే వేశారు. 2008లో అది పూర్తయ్యాక, దిగిన విమానం ముందు ఆ నడిమి బాట ఎక్కి నెమ్మదించి, ఆ తర్వాతే లోపలి రన్‌వేను దాటుతోంది.

అట్లాంటా విమానాశ్రయం ఇంకో అడుగు ముందుకేసి, దాటే అవసరాన్నే తప్పించింది. 2007లో అక్కడ రన్‌వే కొసను చుట్టి వెళ్లే టాక్సీవే వేశారు. అది రన్‌వే మట్టం కంటే సుమారు 30 అడుగుల లోతుకు దిగుతుంది కనుక, దిగిన విమానం కింద నుంచి వెళుతుంటే ఎగిరే విమానం పైనుంచి సాగిపోతుంది. రైలు గేటు తీసేసి అండర్ బ్రిడ్జి కట్టడం లాంటిదే ఇది. గేటు దగ్గర ఎంత జాగ్రత్తపడ్డా మిగిలే ప్రమాదం ఇక్కడ మిగలదు. 2008లో డాలస్ ఫోర్ట్‌వర్త్ కూడా ఇలాంటి చుట్టుబాట వేసుకుంది.

చుట్టు తిరిగితే సమయమూ ఇంధనమూ వృథా అనేది మొదటి అభ్యంతరం. దూరం పెరిగేది నిజమే. అయితే రన్‌వే దాటడానికి వరుసలో నిలబడ్డ జెట్ ఇంజన్లూ ఇంధనం తాగుతూనే ఉంటాయి. దాటే విమానాల కోసం టేకాఫ్‌లను ఆపాల్సిన పనీ తప్పుతుంది. పాత విమానాశ్రయాలకు అంత స్థలమూ డబ్బూ ఎక్కడివి అనేది రెండోది. ప్రతిచోటా చుట్టుబాటే వేయనక్కర్లేదు. అమెరికా విమానయాన పాలక సంస్థ 2012లో సవరించిన మార్గదర్శకాల్లో ఖర్చు తక్కువ సూత్రాలూ ఉన్నాయి. ఒక కూడలిలో పైలట్ ముందు ఎడమ, కుడి, నేరుగా అనే మూడు దారులకు మించి ఉండకూడదు. విమానాలు నిలిపే చోటి నుంచి బాట తిన్నగా రన్‌వే మీదికి పోకూడదు, నడుమ ఒక మలుపుండాలి. రన్‌వేను లంబకోణంలోనే దాటాలి. వీటిలో చాలావరకు ఒక ముక్క బాట మూసేసి, మరో ముక్క కలిపితే నెరవేరతాయి. ఈ సూత్రాల విలువ తెలియాలంటే కెంటకీలోని లెక్సింగ్టన్‌ను చూడాలి. అక్కడ అప్పట్లో 7,003 అడుగుల రన్‌వే మొదలుకు చేరాలంటే 3,500 అడుగుల రన్‌వే మొదలును దాటిపోవాల్సి వచ్చేది. 2006 ఆగస్టు 27న తెల్లవారకముందే ఒక విమానం పొట్టి రన్‌వేను పొడవాటిదనుకుని టేకాఫ్‌కు పరుగెత్తి కూలింది. 49 మంది చనిపోయారు. విచారణ సిబ్బందినే తప్పుపట్టింది, అది న్యాయమే. కానీ రెండు రన్‌వేల మొదళ్లు అంత దగ్గరగా లేకపోతే ఆ తప్పు జరగడం చాలా కష్టమయ్యేది.

రాడార్లు, హెచ్చరిక దీపాలు, శిక్షణ ఉండగా దారులు తవ్విపోయడం దేనికని మూడో అభ్యంతరం. ఇవన్నీ కావాల్సిందే. అయితే పరికరం ఒక్కోసారి పనిచేయదు, పనిచేసినా మనిషి చూడకపోవచ్చు. 2001 అక్టోబరు 8న ఇటలీలోని లినాటెలో పొగమంచులో ఒక చిన్న జెట్ ఆర్5 బదులు ఆర్6 టాక్సీవే పట్టి రన్‌వే మీదికొచ్చింది, టేకాఫ్ చేస్తున్న విమానం దాన్ని ఢీకొని 118 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ నేలమీది కదలికలు చూపే రాడార్ లేదు, బాట గుర్తులూ సరిగా లేవు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో కోస్ట్ గార్డ్ విమానం రన్‌వేపై ఉందని కంట్రోలర్ తెరపై హెచ్చరిక కనిపించినా ఎవరి దృష్టీ పడలేదు. దిగుతున్న విమానం దాన్ని ఢీకొని, కోస్ట్ గార్డ్ విమానంలోని ఐదుగురు చనిపోయారు. హనెడాలో కోస్ట్ గార్డ్ విమానం టేకాఫ్ కోసమే రన్‌వే ఎక్కింది కాబట్టి, అలాంటి తప్పును చుట్టుబాట ఆపలేదు. దారి నిర్మాణం అన్ని రోగాలకూ మందు కాదు. కానీ సరైన చోట వేసిన మలుపు పొగమంచులోనూ, కరెంటు పోయినా, పైలట్ అలసిపోయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మన దేశంలోనూ కొత్త విమానాశ్రయాలు వస్తున్నాయి, పాతవి పెరుగుతున్నాయి. డబ్బు చాలకపోతే మొదట వాయిదాపడేది టాక్సీవే కాకూడదు. సమాంతర టాక్సీవే లేనిచోట విమానం రన్‌వేపైనే వెనక్కి నడవాలి, అలా నడిచినంతసేపూ ఆ రన్‌వే ఖాళీ లేనట్టే. నమూనాకు ఆమోదముద్ర వేసే అధికారులు రన్‌వే పొడవెంత అని అడిగే ముందు, దాన్ని ఎన్ని బాటలు అడ్డంగా దాటుతున్నాయో అడగాలి. ఆ సంఖ్య తగ్గించలేని నమూనాను వెనక్కి పంపాలి.