ఆ గోలీ వేసుకున్న ప్రతిసారీ అదే చోట మచ్చ.. చర్మానికి అంత జ్ఞాపకం ఎక్కడిది?

విరేచనాలు అవుతున్నాయని మెడికల్ షాపులో గోలీ తెచ్చుకుని వేసుకుంటారు. కొన్ని గంటల్లోనే పెదవి మీద మంట, దురద. గుండ్రంగా ఎర్రటి మచ్చ లేచి, మెల్లగా ఊదా రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. వారం పది రోజుల్లో మంట తగ్గుతుంది కానీ నలుపు పోదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ అదే గోలీ.. సరిగ్గా అదే చోట మళ్లీ మచ్చ! దీన్నే డాక్టర్లు 'ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్' అంటారు. కొత్త జబ్బేం కాదు. యాంటీపైరిన్ అనే పాత జ్వరం మందుతో ఇలా అవుతోందని 1889లోనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. 1894లో ఫ్రాన్స్ చర్మ వైద్యుడు బ్రోక్ దీనికి ఆ పేరు పెట్టాడు.

అదే చోట ఎందుకంటే..

మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాల్లో కొన్ని రక్తంలో తిరుగుతుంటాయి. కొన్ని మాత్రం చర్మం పై పొరలోనే మకాం వేస్తాయి. వైరస్ మళ్లీ వస్తే అక్కడికక్కడే అడ్డుకోవడం వీటి పని. మందు పడనివాళ్లలో సీడీ8 రకం కణాలు ఆ మచ్చలోనే ఏళ్ల తరబడి కాపలా ఉంటాయి. మందు మళ్లీ ఒంట్లోకి రాగానే నిద్ర లేచి, పక్కనున్న చర్మ కణాలనే చంపేస్తాయి. చనిపోయిన కణాల్లోని మెలనిన్ కింది పొరలోకి జారి నిలిచిపోతుంది. నలుపు అందుకే!

ఇంకో విచిత్రం. అనుమానం ఉన్న మందును పాత మచ్చ మీద పట్టీలా అంటించి పరీక్షిస్తే చాలాసార్లు ఎర్రబడుతుంది. మామూలు చర్మం మీద అంటిస్తే ఏమీ కాదు.

కాపురాల్లో చిచ్చు

ఈ మచ్చలు పెదవులు, చేతులతో పాటు మర్మాంగాల మీదా వస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే. సుఖవ్యాధి అనుకుని భయపడతారు, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానిస్తారు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. నిజానికి ఇది అంటువ్యాధి కానే కాదు.

ఏ మందులతో?

కోట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్, సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్, ఐబుప్రోఫెన్, కొందరిలో పారాసెటమాల్ కూడా. విరేచనాల గోలీల్లో రెండు మందులు కలిపి ఉండటం మామూలే, కాబట్టి ఏది పడలేదో తేల్చడం కష్టం. షాబాద్, చేవెళ్ల వైపు పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గరో, షాపులోనో స్ట్రిప్ కత్తిరించి రెండు గోలీలు చేతిలో పెడితే మందు పేరు కూడా మిగలదు. పేరు తెలియకపోతే డాక్టర్ మాత్రం ఏం చేస్తారు? కవర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పడని మందు పేరు చీటీ మీద రాయించుకోండి. పదే పదే వాడితే మచ్చలు పెరుగుతాయి, బొబ్బలూ లేస్తాయి.

జ్వరంతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు, తోలు ఊడటం ఉంటే మాత్రం వేరే సంగతి. అది ప్రాణం మీదికి రావచ్చు, వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లాలి. మామూలు మచ్చలకైతే చేవెళ్ల, మొయినాబాద్‌లలోని మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో చర్మ వైద్యులకు చూపించుకోవచ్చు. మందు పడలేదని రోగులు కూడా నేరుగా కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు.