“నా ఖర్మ” అన్న మాట ఎదుట కాపరి: కర్మ, అహం మరణం, మరణానికి సిద్ధపాటు

ఉపోద్ఘాతం

మన సంఘాలలో మరణాన్ని గూర్చిన బోధ ఎక్కువగా సమాధి కార్యక్రమంలోనే వినబడుతున్నది. ఆ బోధ ఎవరికి అందరికంటె ముందుగా అవసరమో ఆ వ్యక్తి అప్పటికి దానిని వినే స్థితిలో ఉండరు. మరణానికి ముందు గడిచే వారాలలో కాపరి ఏమి చెప్పాలి, ఏమి చెప్పకూడదు అనే సంగతిని మనం వేదాంత కళాశాలలో ఒకటి రెండు తరగతులలో ముగించి బయటకు వచ్చినవారమే.

మేము పరిచర్య ఆరంభించిన తొలి సంవత్సరాలలో ఉత్తర కోస్తాలోని ఒక పల్లెలో ఒక వృద్ధురాలిని దర్శించాము. ఆ ప్రాంతపు స్త్రీలలో చాలామందికి అడ్డపొగ అలవాటు ఉండేది. అంటే చుట్టను నిప్పు వైపు నోటిలో ఉంచుకొని కాల్చడం. ఆమె అంగిట్లో పుండు క్యాన్సరుగా మారింది. నలభై ఏండ్లుగా ఆదివారం తప్పని విశ్వాసి. మేము మంచం ప్రక్కన కూర్చోగానే, “నా ఖర్మ అయ్యగారూ, అనుభవించాలి కదా” అన్నది. క్రైస్తవురాలి నోట కర్మ అనే మాట రాకూడదని తలంచి, “అమ్మా, ఖర్మ అనకండి. ఒప్పుకోని పాపమేదైనా ఉన్నదేమో జ్ఞాపకం చేసుకోండి” అన్నాము. ఆమె మరి మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నది. నాలుగు దినాలకు ప్రభువునందు నిద్రించింది.

కర్మ సిద్ధాంతాన్ని ఖండించామని ఆనాడు మేము అనుకున్నాము. నిజానికి అదే సిద్ధాంతాన్ని బైబిలు మాటలలో ఆమెకు తిరిగి అప్పగించాము. మరణశయ్య యొద్ద మన బోధ ఎక్కడ దారి తప్పుతున్నదో, కర్మను గూర్చియు ‘నేను’ మరణించుటను గూర్చియు మన పొరుగువారు ఏమి చెప్తున్నారో, సువార్త ఏమి చెప్తున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. కర్మ: మరణపు ప్రశ్నకు ఒక జవాబు

‘కర్మ’ అనే పదానికి మూలం ‘కృ’ అనే సంస్కృత ధాతువు. చేయుట అని అర్థం. వేదకాలంలో అది ముఖ్యంగా యజ్ఞక్రియను సూచించింది. మనిషి చేసిన పనియే అతని భవిష్యత్తును నిర్ణయిస్తుందనే అర్థం ఉపనిషత్తులలో స్పష్టమైనది. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయంలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడిగే ప్రశ్న మరణాన్ని గూర్చినదే: మనిషి చనిపోయి, అతని అంగాలు పంచభూతాలలో కలిసిపోయిన తరువాత ఆ మనిషి ఎక్కడ ఉంటాడు? యాజ్ఞవల్క్యుడు సభలో జవాబు చెప్పక, అతని చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోతాడు. వారిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకొన్నది కర్మను గూర్చియే అని ఉపనిషత్తు చెప్తున్నది. కాబట్టి కర్మ సిద్ధాంతాన్ని కేవలం విధివాదమని కొట్టివేయడం న్యాయం కాదు. మరణంతో మనిషి నైతిక జీవితం అర్థం లేకుండా ముగిసిపోదని చెప్పడానికి చేసిన గంభీరమైన ప్రయత్నమది.

తరువాతి వేదాంతులు కర్మను మూడు విధాలుగా విభజించారు. అనేక జన్మలలో ప్రోగుపడినది సంచితం. అందులో ఈ జన్మలో అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్న పనులచేత ముందుకు కూడుకునేది ఆగామి. జ్ఞానం కలిగినప్పుడు సంచితం నశిస్తుంది, ఆగామి అంటదు. అయితే ప్రారబ్ధం మాత్రం విల్లు విడిచిన బాణంవలె తన వేగం తీరేవరకు సాగవలసినదే. మన పల్లెలలో “అనుభవించాలి కదా” అనే మాటకు వెనుక ఉన్నది ఈ ప్రారబ్ధమే. “చేసుకున్నవాడికి చేసుకున్నంత” అనే సామెతకూ మూలం అదే.

2. ఫలితం వేరు, తీర్పు వేరు

పరిశుద్ధ గ్రంథం కూడ విత్తుటను, కోయుటను గూర్చి చెప్తున్నది కదా అని విద్యార్థులు అడుగుతారు. గలతీ 6:7 అలాగే చెప్తున్నది. అడ్డపొగ వలన అంగిట్లో క్యాన్సరు రావడం ఫలితమే. సృష్టిలో దేవుడు ఉంచిన కార్యకారణ క్రమాన్ని సువార్త కాదనదు. అయితే ఫలితం వేరు, తీర్పు వేరు. పుండు పొగాకు ఫలితం. అది ఆమెపై దేవుడు వ్రాసిన తీర్పు కాదు.

ఈ భేదాన్ని ప్రభువు తానే చూపించాడు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినది కర్మను పోలిన ప్రశ్న: పాపం ఎవరిది, ఇతనిదా, ఇతని తలిదండ్రులదా? ప్రభువు ఆ రెండు మార్గాలను మూసివేశాడు. లూకా 13లో సిలోయము గోపురం పడి చచ్చిన పదునెనిమిది మందిని గూర్చియు ఆయన అదే వైఖరి చూపాడు: వారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారు. అక్కడ మారుమనస్సుకు పిలుపు ఉన్నది. కాని అది చనిపోయినవారి లెక్క తేల్చడానికి కాదు, బ్రతికి వింటున్నవారి కొరకు. యోబు స్నేహితుల తప్పు వారి సిద్ధాంతంలో మాత్రమే లేదు. ఏడు దినాలు మౌనంగా కూర్చున్నంతవరకు వారు మంచి కాపరులే. నోరు తెరచి లెక్క వేయడం మొదలుపెట్టినప్పుడు చెడిపోయారు.

యాకోబు 5:14-16లో రోగికి నూనె రాచి ప్రార్థన చేయుమని పెద్దలకు ఆజ్ఞ ఉన్నది. అక్కడ పాపక్షమాపణ ప్రస్తావన ‘ఒకవేళ’ అనే షరతుతో వస్తున్నది. ప్రతి రోగం వెనుక ఒక దాగిన పాపం ఉన్నదని యాకోబు అనుకొని ఉంటే ఆ షరతు అవసరం లేదు. ఆ ‘ఒకవేళ’ను మేము ఆ వృద్ధురాలి యొద్ద మరచిపోయాము.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించిన ఎ. జి. హాగ్ 1909లో ప్రచురించిన ‘కర్మ అండ్ రిడెంప్షన్’ అనే గ్రంథంలో ఈ విషయాన్ని లోతుగా చర్చించాడు. కర్మ వ్యవస్థ న్యాయస్థానం వంటిది. ప్రతి క్రియకు తగిన ఫలం కొలిచి ఇస్తుంది. క్రైస్తవ విశ్వాసంలో లోకక్రమానికి గురి విమోచన. మన మాటలో చెప్పాలంటే, న్యాయాధిపతి అప్పును కొలుస్తాడు. తండ్రి అప్పుపడిన కుమారుణ్ణి వెదకుతాడు. సిలువపై దొంగకు లెక్క సరిచేసుకొనే సమయం లేదు. తాము చేసినవాటికి తగిన ఫలం పొందుతున్నామని అతడే ఒప్పుకున్నాడు. ఫలితం అతనికి తప్పలేదు, సిలువమీదనే చనిపోయాడు. అయినను ఆ దినమే పరదైసు వాగ్దానం అతనికి దొరికింది.

3. ‘నేను’ మరణించుట

కర్మకు, అహానికి దగ్గర సంబంధం ఉన్నది. “నేను చేశాను” అనే కర్తృత్వ భావం ఉన్నంతవరకే కర్మ అంటుకుంటుందని అద్వైతులు బోధిస్తారు. ఆ ‘నేను’ నశించినప్పుడు కర్మను మోసేవాడే ఉండడు. ఈ బోధకు మన కాలానికి దగ్గరగా ఉన్న ప్రసిద్ధ ఉదాహరణ రమణ మహర్షి. 1896 జూలైలో మదురైలోని పినతండ్రి ఇంటిలో, పదహారేండ్ల వయస్సులో, ఆయనకు అకస్మాత్తుగా మరణభయం కలిగింది. ఆయన పారిపోలేదు. శవంవలె బిగుసుకొని పండుకొని, చచ్చేది ఏమిటి అని తనలో తాను విచారించాడు. శరీరం చస్తుంది, తాను శరీరం కాదు అనే నిశ్చయం కలిగి, ఆ భయం మరల రాలేదని ఆయన తరువాత చెప్పాడు. 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, 1950 ఏప్రిల్ 14న ఎడమచేతి క్యాన్సరుతో మరణించేవరకు అక్కడే ఉన్నాడు. నేటికీ తెలుగువారు వేలాదిగా అరుణాచలం వెళ్తున్నారు. మన విశ్వాసుల బంధువులు అక్కడికి వెళ్ళి వస్తున్నారు. కాబట్టి ఈ బోధను కాపరి ఎరిగి ఉండాలి.

ఇందులో మనం గౌరవించవలసినది ఉన్నది. మరణభయానికి మూలం దేహం కంటె ‘నేను’ను పట్టుకొని ఉండడంలో ఉన్నదని ఆయన గ్రహించాడు. మరణాన్ని ముందుగానే ఎదుర్కొనవలెనని గ్రహించాడు. ఈ రెండు విషయాలు పౌలుకును తెలుసు. అయితే భేదాలు మూడు.

మొదటిది, ఎవరు చంపుతారు? విచారణ మార్గంలో సాధకుడు తన ‘నేను’ను దాని మూలం వరకు తరుముతాడు. రోమా 6లో ఆ పని మనం చేసినది కాదు. క్రీస్తు మరణంలోనికి మనం బాప్తిస్మం పొందాము. పాత మనిషి ఆయనతోకూడ సిలువ వేయబడ్డాడు. క్రైస్తవుని మొదటి మరణం బాప్తిస్మపు నీళ్ళలోనే జరిగిపోయింది.

రెండవది, మిగిలేది ఏమిటి? గలతీ 2:20లో పౌలు తాను సిలువ వేయబడ్డాననీ, ఇకను జీవించేది తాను కాదనీ చెప్తాడు. కాని వాక్యం అక్కడ ఆగదు. మరల ‘నేను’ అని మొదలుపెట్టి, తనను ప్రేమించి తన కొరకు తన్ను అప్పగించుకొన్నవానియందలి విశ్వాసంతో జీవిస్తున్నానంటాడు. చచ్చినది తనను తానే నిలబెట్టుకునే ‘నేను’. లేచినది ప్రేమింపబడిన ‘నేను’. సువార్త మనిషిని లేకుండా చేయదు, యజమానుని మార్చుతుంది.

మూడవది, దేహం సంగతి. రమణులు “నేను దేహం కాను” అన్నారు. మనం దేహపు పునరుత్థానాన్ని ఒప్పుకుంటున్నాము. పుండుపడిన ఆ అంగిలి కూడ దేవునిదే. దేవుడు దానిని విడిచిపెట్టడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1 కొరింథీ 15:31లో దినదినము చనిపోవుటను మనం తరచుగా ఆత్మనిగ్రహానికి ఆధారంగా బోధిస్తున్నాము. సందర్భాన్ని చూస్తే, అక్కడ పౌలు చెప్పేది ఎఫెసులో సువార్త కొరకు ఎదురైన ప్రాణాపాయం. ‘నిన్ను నీవు చంపుకో’ అనే మాటను భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీకి ఉపదేశంగా చెప్పే కాపరులు ఉన్నారు. అది సిలువ బోధ కాదు, సిలువ పేరు చెప్పి మరొకరి అహాన్ని పోషించడం.

4. సంఘ చరిత్రలో మరణ సిద్ధపాటు

1347-51 మధ్య యూరపులో వచ్చిన మహామారిలో జనులు గురువులు దొరకకుండానే చనిపోయారు. దరిమిలా, సుమారు 1415లో, ‘ఆర్స్ మొరియెండి’, అనగా ‘మరణించే కళ’, అనే లాటిన్ గ్రంథం వెలువడింది. మరణించేవానికి ఐదు శోధనలు వస్తాయని అది చెప్తున్నది: విశ్వాసం సడలుట, నిరాశ, అసహనం, ఆత్మీయ గర్వం, ఆస్తిపై ఆశ. నాలుగవదాన్ని గమనించండి. తాను బాగుగా చనిపోతున్నానని గర్వించడం కూడ శోధనే. అహం మంచం వరకు వెంబడించి వస్తుంది.

మార్టిన్ లూథర్ 1519లో మరణ సిద్ధపాటును గూర్చి ఒక ప్రసంగం ప్రచురించాడు. అది పరలోకంతో ఆరంభం కాదు. మొదట ఆస్తి వ్యవహారం చక్కబెట్టుకొనుమంటాడు, వెనుక ఉన్నవారు తగవులాడకుండునట్లు. తరువాత క్షమించుమని, క్షమాపణ అడుగుమని చెప్తాడు. అటు తరువాతనే దేవునివైపు తిరుగుమని, మరణాన్ని, పాపాన్ని, నరకాన్ని తనలో కాక క్రీస్తులో చూడుమని, సంస్కారాలను పట్టుకొనుమని బోధిస్తాడు.

5. కాపరి చేయదగినవి

ఒకటి, “నా ఖర్మ” అన్నప్పుడు దిద్దవద్దు, అడగండి. “అమ్మా, ఏమని అనిపిస్తున్నది?” అంటే చాలు. ఆ మాట వెనుక అలసట ఉండవచ్చు, కోపం ఉండవచ్చు, నిజమైన అపరాధ భావమూ ఉండవచ్చు. అపరాధమే అయితే ఆమె చెప్పినది విని, దేవుని క్షమాపణను స్పష్టంగా, పేరు పెట్టి ప్రకటించండి. లేనిదాన్ని వెదకి తీయకండి.

రెండు, నొప్పిని తగ్గించడానికి అడ్డు రావద్దు. బాధ అప్పు తీర్చుతుందనుకుంటే నొప్పి మందు ఆ అప్పుకు ఆటంకం. అయితే అప్పు సిలువలో తీరిపోయింది గనుక మార్ఫిన్‌కు వేదాంతపరమైన అభ్యంతరం లేదు. ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసాన్ని పుచ్చుకోలేదని (మార్కు 15:23) కొందరు విశ్వాసులు మందు నిరాకరిస్తారు. ఆ గిన్నె ఆయన మన కొరకు త్రాగినది. మన నొప్పి ఎవరి పాపానికీ ప్రాయశ్చిత్తం కాదు. 2014లో మాదకద్రవ్యాల చట్ట సవరణతో వైద్యానికి మార్ఫిన్ పొందే నిబంధనలు మన దేశంలో కొంత సులభమైనవి. ఉపశమన చికిత్స దొరికే ఆసుపత్రి ఎక్కడున్నదో తెలుసుకొని ఉండటం కాపరి పనిలో భాగం.

మూడు, లూథర్ క్రమాన్ని పాటించండి. పొలం, బంగారం, అప్పు పత్రాలు, ఆడపిల్లల వాటా వంటి సంగతులు మాట్లాడటం అవిశ్వాసం కాదు. పలకరింపులు లేని అన్నదమ్ములను ఆ మంచం యొద్దకు రప్పించడం ఒక ప్రసంగం కంటె గొప్ప పరిచర్య.

నాలుగు, స్వస్థత కొరకు ప్రార్థించండి. అయితే రోగి తన మరణాన్ని గూర్చి మాట్లాడే తలుపును ఆ ప్రార్థనతో మూయకండి. ప్రభురాత్రి భోజనం మింగగలిగిన దినాలలోనే ఇవ్వండి. ఇంటిలో అన్యమత బంధువులు ఉంటే వాదించవద్దు. వారు కూడ అదే దుఃఖంలో ఉన్నారు.

ఐదు, ఆరోగ్యంగా ఉన్న దినాలలోనే బోధించండి. బాప్తిస్మపు తరగతియే మరణ సిద్ధపాటుకు మొదటి తరగతి.

ముగింపు

మరణశయ్య యొద్ద ఎవరి అహం చావాలి? రోగిది అని మనం అనుకుంటాము. ఆ పల్లెలో గోడవైపు తిరిగిన వృద్ధురాలిని తలంచినప్పుడు, ఆ గదిలో చావవలసిన ‘నేను’ మాదే అని ఇప్పుడు తెలుస్తున్నది. జవాబు తెలిసిన కాపరిగా కనబడాలనే ఆశ, ఒక ఒప్పుకోలు రాబట్టాలనే ఆశ, సంఘానికి చెప్పుకోదగిన సాక్ష్యంతో ఆమె కన్ను మూయాలనే ఆశ మాలో ఉండినవి. ఆమె మాకు ఆ సాక్ష్యం బాకీ లేదు. నలభై ఏండ్ల క్రిందటే ఆమె క్రీస్తుతోకూడ చనిపోయింది. ఆమె జీవం ఆయనయందు దాచబడి ఉన్నది. ఆ సంగతిని చెవిలో మెల్లగా జ్ఞాపకం చేయడమే ఆనాడు మాకు అప్పగించబడిన పని. మన దర్శనం కొరకు ఎదురుచూస్తున్న మంచం ఒకటి ప్రతి సంఘంలోను ఉన్నది. అక్కడికి వెళ్ళేటప్పుడు లెక్కల పుస్తకాన్ని ఇంటివద్దనే విడిచి వెళ్దాము.